గీత గియ్యని వరుసలు

మా ఆయన చెయ్యి చచ్చుబడుతున్న సంగతి నాకు మా ఇంట్లో తెలియలేదు. ఇస్త్రీ చేసే ఆవిడ పాలు పోసే ఆవిడతో అందట, పాలావిడ కుళాయి దగ్గర నా చెవిలో వేసింది. "నిన్న మీ కొట్లో మాంసం తెచ్చుకుందట. కడుగుతుంటే అందులో మీ ఆయన వేలి తోలు కనిపించిందట, గోరుతో సహా. తను కోస్తున్నది మేకనో తన వేలినో కూడా తెలియట్లేదట ఆ మనిషికి."

గోరుతో సహా అన్నది పాలావిడ సొంత కవిత్వం. పాలల్లో నీళ్ళు కలపదు గానీ మాటల్లో కలుపుతుంది. అయినా బిందె నిండేదాకా నిలబడలేకపోయాను. సగం బిందెతోనే ఇంటికొచ్చాను.

మాకు ముందు కొట్టు, వెనక ఇల్లు. ఇంట్లో రెండు గదులు మావి, రెండు గదులు మా మరిదివి. కొట్లో రెండు మొద్దులు. కుడివైపుది మా ఆయనది, ఎడమవైపుది మా మరిదిది. వచ్చేవాళ్ళు పెద్దోడి మొద్దు, చిన్నోడి మొద్దు అనేవాళ్ళు. నేను వెళ్ళేసరికి మా ఆయన కొక్కేనికి వేలాడే పొట్టేలు పొట్ట చీల్చి, పేగులు తియ్యకుండా కుడిచెయ్యి మణికట్టు దాకా లోపల పెట్టి నిలబడి ఉన్నాడు. చలికి చేతులు కొయ్యబారితే కసాయివాళ్ళు చేసే పని అది, అప్పుడే కోసిన జీవం పొట్టలో వేడి ఉంటుంది. కానీ బయట ఎండ నిప్పులు చెరుగుతోంది.

"ఏది, చెయ్యి చూపించండి."

తీశాడు. నెత్తురు కడిగి చూస్తే బొటనవేలి చివర చొక్కా గుండీ అంత తోలు లేదు.

"నొప్పిగా లేదా?"

"దేనికి?" అన్నాడు.

అది ఎండాకాలం మొదట్లో. వానలు మొదలయ్యేసరికి మా ఇల్లు రెండయింది. ఎలా అయిందో చెప్పడానికి నాకు నాలుగు రోజులు చాలు, మిగతా రోజులన్నీ వాటి మధ్య పడి నలిగినవే.

బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు. ఆ మూడింట్లో మొదట చీమలు పాకాయట. తర్వాత చీమలు కూడా పోయాయి. చొక్కా గుండీలు నేను పెట్టేదాన్ని. తాళంచెవి కన్నంలో పెట్టి తిప్పలేక తలుపును తన్నేవాడు. కీలు ఎక్కడుందో చూపుడు వేలి కొసతో తడిమి, కత్తి ఇలా పెట్టి అలా తీస్తే తొడ ఊడి చేతికొచ్చే మనిషి, కీలు దొరక్క ఎముక మీద ఎడాపెడా కొట్టడం మొదలుపెట్టాడు. మాంసంలో ఎముక పొడి పడేది. బడిలో లెక్కలు చెప్పే మాస్టారు ఒకరోజు ముక్క తీసి చూసి, "ఏమయ్యా పెద్దోడా, తూకంలో నీ వేళ్ళు కూడా కలిపి అమ్ముతున్నావంట, నిజమేనా?" అన్నాడు. వరుసలో ఉన్నవాళ్ళు నవ్వారు.

మాస్టారి చెయ్యి మొద్దు అంచు మీద ఉంది. మా ఆయన వెడల్పు కత్తి ఎత్తి దించాడు. అది మాస్టారి చిటికెన వేలికి బియ్యపు గింజంత దూరంలో మొద్దులోకి దిగి నిలబడింది.

"నీది కూడా కలపమంటావా?"

మాస్టారి మొహంలో నెత్తురు చుక్క లేదు. చిన్నోడే వచ్చి ఆయన సంచి అందుకుని, "మాస్టారూ, మీరు ఇటు రండి, నేను కొడతాను," అన్నాడు. ఆ రోజు నుంచి ఒక్కొక్కరే అటు జరిగారు.

ఆ నాలుగింట్లో రెండో రోజు నా చెవిది.

మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నాడు. నీళ్ళగ్లాసు ఎత్తాడు, జారింది. తుడిచి ఇంకోటి ఇచ్చాను, అదీ జారింది. నోరు మూసుకుని తుడుచుకుంటే సరిపోయేది. "నరాల డాక్టరు దగ్గరికి పోదాం. అందాకా కత్తి చిన్నోడికిచ్చి మీరు కాటా దగ్గర కూర్చోండి," అన్నాను.

ఆ చెయ్యి అంతకుముందు నా మీద పడలేదని అబద్ధం చెప్పను. పదకొండేళ్ళ కాపురంలో అయిదారుసార్లు పడింది. కానీ కొలిచి కొట్టేవాడు. చప్పుడు వీధిలోకి వినిపించేది, దెబ్బ అంత ఉండేది కాదు. ఆ రోజు కొలత లేదు. నేను గోడకు కొట్టుకుని కింద పడ్డాను. ఎడమ చెవిలో ముందు ఈల మోగింది, తర్వాత వేడిగా ఏదో మెడ మీదికి కారింది. ఆయన తన అరచేతిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"అంత గట్టిగా తగిలిందా?" అన్నాడు.

నిజంగా అడిగినట్టే ఉంది. తెలియకే అడిగాడనుకున్నాను. ఆ మాటను పట్టుకునే ఆ ఎండాకాలమంతా బతికాను.

నా తోటికోడలు చెవిలో దూది పెడుతూ, "చేతికి తెలియలేదంటున్నాడా బావగారు?" అని అడిగింది.

"తెలియట్లేదే, పాపం. మొద్దుబారిపోయింది."

"ఆ మొద్దుబారిన చేత్తో మాస్టారి వేలు తప్పించి భలే కొట్టాడక్కా," అంది. దానికి మాటలు సానరాయి మీద నూరి మరీ విసిరే అలవాటు. నాకు ఒక చెవే పనిచేస్తోంది, అది కూడా విననట్టు ఊరుకున్నాను.

మూడోది ఆదివారం.

ఆదివారం మాకు ఊపిరాడదు. తెల్లారేసరికే ఏడు జీవాలు కోశారు. నేల మీద నెత్తురు గడ్డకట్టే తీరిక లేదు, నీళ్ళు కొట్టడం, మళ్ళీ పారడం. చిన్నోడి మొద్దు ముందు వరుస రోడ్డు మీదికి పోయింది. మా ఆయన మొద్దు ముందు ఒక్క గుడ్డి ముసలాయన ఉన్నాడు, ఆయన కూడా ఎటు నిలబడ్డాడో తెలియక నిలబడ్డాడు. మా ఆయన సన్నకత్తితో తొడ ఎముక నుంచి మాంసం విడదీస్తున్నాడు. కత్తి పక్కకు పోతోంది. ఎముకకు సగం మాంసం అలాగే ఉండిపోతోంది. దవడలు బిగిసి ఉన్నాయి.

చిన్నోడు ఇటు వచ్చాడు. వాడు ఎగతాళిగా అనలేదు, ఈ మాట ఎక్కడ అడిగినా చెబుతాను. మెల్లిగానే అన్నాడు. "ఇటివ్వన్నా. నువ్వు కాటా చూడు. ముక్కంతా ఎముకకే పోతోంది."

"ఎవడి కొట్టురా ఇది?"

"మనదే. అందుకే అంటున్నా. ఇటివ్వు." కత్తి కోసం చెయ్యి చాపాడు.

మా ఆయన చెయ్యెత్తాడు. చిన్నప్పటి నుంచి ఆ చేతి కింద పెరిగినవాడు కాబట్టి, చిన్నోడు మొహానికి అడ్డంగా మోచెయ్యి వంచి పెట్టుకున్నాడు. చెంపదెబ్బ చప్పుడు కోసం నా మంచి చెవి ఎదురుచూసింది. చప్పుడు రాలేదు.

చిన్నోడు తన చేతి వైపు చూసుకుంటున్నాడు. మణికట్టుకు కాస్త పైన, చిటికెన వేలి వైపు, నోరు తెరిచినట్టు తెరుచుకుంది. లోపల తెల్లగా దారాలు. ఆ దారాలు ఏమిటో మా ఇంట్లో చంటిపిల్లలకు కూడా తెలుసు, రోజూ మేకల కాళ్ళల్లో చూసేవే. ఆ తర్వాతే నెత్తురు వచ్చింది. వచ్చాక ఆగలేదు. తోటికోడలు తన కొంగు చింపి మోచేతికి బిగించి కట్టింది. నేను రెండు చేతులతో ఆ కోతను మూసి పట్టుకుంటే నా వేళ్ళ సందుల్లోంచి కొట్టుకుంటూ వచ్చింది. వరుసలో ఎవరో ఆడమనిషి కింద పడిపోయింది. ఇంకెవరో, "కత్తితో కొట్టాడు, తమ్ముణ్ణి కత్తితో కొట్టాడు," అని అరుస్తున్నారు.

మా ఆయన కత్తి వైపు చూశాడు. "చేతిలో ఉందా ఇది?" అన్నాడు.

గుడ్డి ముసలాయన తన సంచి ఇంకా అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

ఆసుపత్రిలో జారి తెగిందని రాయించాం. నాలుగు గంటలు కుట్టారు. చిన్నోడు ఇంటికి రాలేదు. తోటికోడలు వెనక వీధిలో ఒక గది అద్దెకు తీసుకుని, మూడు విడతల్లో సామాను మోసుకుపోయింది. చివరి విడతకు నేను కూడా ఒక మూట పట్టుకున్నాను. దారిలో, "ముట్టుకోకక్కా, నేను మోసుకుంటా," అంది గానీ లాక్కోలేదు.

చిన్నోడు మంచం మీద ఉన్నాడు. నన్ను కూర్చోమన్నాడు. ఆ అబ్బాయి అరిచి ఉంటే నాకు తేలికగా ఉండేది.

"వదినా, మా ఆవిడ పోలీసుల దగ్గరికి పోవాలంటోంది. నేను ఆగమన్నాను. అన్నకి తెలియక తగిలిందంటే, అది వేరు. ఎద్దు తొక్కితే ఎద్దు మీద కేసు పెట్టం కదా. చెయ్యి నయమయ్యాక కొట్లోకి వస్తాను, మళ్ళీ ఈ ఊసెత్తను. తెలిసి చేశాడంటే మాత్రం స్టేషనుకు పోతాను, అన్న అని చూడను. రెండిట్లో ఏదో నాకు తేలాలి."

"తెలియదయ్యా. నన్ను అడుగు, నా చెవిని అడుగు."

"నీ మాట వద్దు, అన్న మాట కూడా వద్దు. చేతుల్లో కరెంటు పెట్టి నరం బతికుందో లేదో చూసే మిషను ఉందట. నాకూ నెల తర్వాత చేస్తామన్నారు. అన్నకి చేయించు. ఆ కాగితం తీసుకురా."

ఇంట్లో ఇంగ్లీషు కాగితం చదవగలిగినదాన్ని నేనొక్కదాన్నే. డిగ్రీ రెండో ఏడు దాకా చదివాను. ఆ రోజు గర్వపడ్డానంటే నవ్వుతారు గానీ, నా చదువుకు ఇన్నేళ్ళకు ఒక పని పడిందనుకున్నాను.

మా ఆయనను మిషను దగ్గరికి తీసుకుపోవడానికి మూడు వారాలు పట్టింది. ఒకసారి చొక్కా వేసుకుని మళ్ళీ విప్పేశాడు. ఒకసారి ఆసుపత్రి మెట్ల మీద నుంచి వెనక్కి వచ్చేశాడు. చివరికి, "మీరు రాకపోతే నేనే స్టేషనుకు పోయి చెవి చూపిస్తా," అన్నాను. నా నోట్లోంచి ఆ మాట వస్తుందని నాకే తెలియదు. నా వైపు అదోలా చూసి, చెప్పులు వేసుకున్నాడు.

చిన్న గది. సన్నగా పుల్లలా ఉన్న అమ్మాయి ఆయన చేతికి చల్లటి జిగురు రాసి, తీగలు అంటించి, మణికట్టు మీద ఒక రెండు కొమ్ముల పుల్ల ఆనించింది. "కొంచెం చురుక్కుమంటుందండీ, కదలకండి." నొక్కింది. చెయ్యి దానంతట అదే ఎగిరిపడింది. మా ఆయన ఒంటికాలి మీద లేచాడు. ఎడమచేత్తో పక్కనున్న బల్లను ఒక్క తోపు తోశాడు, గిన్నెలూ దూదీ గదంతా ఎగిరాయి. "చంపుతారా ఏంటే మనిషిని?" ఆ అమ్మాయి గోడకు అతుక్కుపోయింది. నేను భుజాలు పట్టుకుని కూర్చోబెట్టాను. రెండు చేతులకూ కలిపి ముప్పై సార్లయినా కొట్టి ఉంటుంది కరెంటు. ప్రతిసారీ కాళ్ళు కట్టేసిన పొట్టేలులా గింజుకున్నాడు. భుజాలు పట్టుకుని ఉన్న నాకు జాలి వెయ్యాలి. వెయ్యలేదు. ఇంకొకటి కొట్టమ్మా అనిపించింది.

కాగితాలు వచ్చాక డాక్టరు నన్నే లోపలికి పిలిచాడు. మా ఆయన బయట బెంచీ మీద చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"మణికట్టు దగ్గర ఎముకల మధ్య ఇరుకు సందు ఉంటుందమ్మా," అన్నాడు డాక్టరు. "అందులోంచి ఒక నరం వేళ్ళకి పోతుంది. ఏళ్ళ తరబడి కత్తి బిగించి పట్టి, ఎముకలు కొట్టి కొట్టి ఆ సందు వాచింది. నరం నలిగిపోతోంది. ఇదిగో, మణికట్టు దగ్గర కరెంటు ఇస్తే బొటనవేలి కండ కదలడానికి పట్టిన టైము ఇది. మామూలుగా సెకనులో వెయ్యో వంతులు నాలుగు లోపు ఉండాలి. ఈయనకి ఎనిమిది. ఈ అంకె ఎంత పెద్దదయితే అంత చెడ్డ. పక్కది వేగం, అది ఎంత చిన్నదయితే అంత చెడ్డ. తారుమారుగా చదువుకోకు. ఇక్కడేమో చూపుడు వేలి స్పర్శ. అంకె లేదు చూడు. మిషనుకి ఏమీ దొరకలేదు."

"అంటే చచ్చిపోయినట్టా?"

"చివరి దాకా వచ్చింది. ఆపరేషను చేసి ఆ సందు తెరిస్తే కొంత తిరిగి రావచ్చు. ఆలస్యం చెయ్యకండి. మిగతా వరుసలు నార్మల్."

మిగతావాటితో నాకేం పని. "డాక్టరుగారూ, చేతిలో కత్తి ఉన్నా తెలియకపోవచ్చా?"

ఆయన కళ్ళజోడు తీశాడు. "ఎందుకడుగుతున్నావో నాకు తెలియదు గానీ, ఈ మూడు వేళ్ళకి స్పర్శ పోయిందని రాసిస్తాను. అంతవరకే నేను చెప్పగలిగింది."

అంతవరకు నాకు చాలు. ఇంటికొచ్చి ఎర్ర పెన్ను తీసుకుని చెడ్డ వరుసల కింద గీతలు గీశాను. మొత్తం అయిదు. కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంటే, ఎన్నో వారాల తర్వాత ఆ రోజు నిద్ర పట్టింది. ఈ కాగితం మా మరిదిని తిరిగి తెస్తుంది. మా ఆయనను స్టేషను గుమ్మం తొక్కకుండా ఆపుతుంది. నన్ను గోడకేసి కొట్టిన చెయ్యి తెలియక కొట్టిందని కూడా చెబుతుంది. ఈ మూడోది ఎవరికీ చెప్పలేదు, చదువుకున్నది నేనొక్కదాన్నే గనక నాకు నేనే చదువుకున్నాను.

నాలుగో రోజు వాన పడుతోంది. మా ఆయనను వెంటబెట్టుకుని వెనక వీధికి పోయాను. ఆయన గుమ్మంలోనే ఆగాడు. తోటికోడలు స్టూలు చూపించలేదు, పొమ్మనీ అనలేదు. పొయ్యి పక్కన కూరగాయలు తరుగుతోంది. చిన్నోడి కట్లు విప్పేశారు. చేతి మీద జెర్రి పాకినట్టు కుట్ల మచ్చ. చిటికెన వేలు, దాని పక్క వేలు లోపలికి వంగి ఉన్నాయి.

కాగితం మంచం మీద పరిచి, పాఠం చెప్పినట్టు చెప్పాను. సందు, నరం, నాలుగు ఉండాల్సిన చోట ఎనిమిది, అంకె లేని చోట చావు. ఒక్కో ఎర్రగీత మీద వేలు పెట్టి చదివాను. చిన్నోడు అడ్డు రాకుండా విన్నాడు. తోటికోడలి చేతిలో కత్తి ఆగింది.

"చూశావుగా," అన్నాను. "చెయ్యి చచ్చిపోయింది. కత్తి ఉందో లేదో ఆ చేతికెలా తెలుస్తుంది?"

"గీత గియ్యని వరుసల్లో ఏముంది వదినా?"

"అవి బాగున్నవి. వాటితో పనేముంది?"

"ఏ వేళ్ళవి?"

చదివాను. అప్పటిదాకా చదవలేదు, అప్పుడే చదివాను. చిటికెన వేలు, దాని పక్క వేలిలో అటు సగం. ఆ నరం వేరే దారిన పోతుందట. టైము సరిగ్గా ఉంది, వేగం సరిగ్గా ఉంది, స్పర్శ నిండుగా ఉంది. వరుస చివర నార్మల్ అని అచ్చు పడి ఉంది.

చిన్నోడు దిండు కింద నుంచి తన కాగితం తీసి నా కాగితం పక్కన పెట్టాడు. అదే మిషను, అవే గడులు. మా ఆయనకు అంకెలు లేని చోట చిన్నోడికి ఉన్నాయి. మా ఆయనకు నిండుగా ఉన్న చోట చిన్నోడికి ఖాళీ.

"మూడు వేళ్ళు బాగున్నాయి నాకు," అన్నాడు. "బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు. గుండీ పెట్టుకుంటున్నా, తాళం తీస్తున్నా. ఇక పని చేసుకోవచ్చులే అనుకున్నా." భార్య వైపు చెయ్యి చాపాడు. "ఏదీ, ఇటివ్వు."

ఆమె కూరగాయల కత్తి ఇచ్చింది. దాన్ని పిడి పట్టుకుని లేచి నిలబడ్డాడు. మా ఆయన గుమ్మంలోంచి ఒక అడుగు వెనక్కి వేశాడు. చిన్నోడు చెయ్యి పైకెత్తి, ఆ ఆదివారం అన్న దించినట్టే గాలిలో ఒక్కటి దించాడు.

కత్తి సగం దారిలోనే చేతిలోంచి జారి గచ్చు మీద పడి గిర్రున తిరిగింది.

"పిడిని బిగించేది ఈ రెండు వేళ్ళు వదినా," అన్నాడు, వంగిపోయిన వేళ్ళు చూపిస్తూ. "మిగతావి దారి చూపిస్తాయి, అంతే. ఈ పనిలో పుట్టినవాళ్ళం, మాకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. అన్నకీ చెప్పక్కర్లేదు."

నేను మా ఆయన వైపు తిరిగాను. ఆ మూడు నెలల్లో నాకు దేవుడి మీద కూడా అంత కోపం రాలేదు, అంత ఆశ కూడా కలగలేదు. ఏదో ఒకటి అనండి అన్నట్టు చూశాను. ఆయన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని నిలబడ్డాడు. వాననీళ్ళు వీపు మీద కారుతున్నాయి.

"చేతిలో కత్తి ఉందని నాకు తెలియదురా," అన్నాడు.

"తెలియకపోతే అది కింద పడేదన్నా."